పొగగొట్టం వంచమన్న మనిషి

శాలువాలు మూడు కావాలని రత్నాకర్ అడిగితే, అల్ మన్సూరాలో బట్టల కొట్టు నడిపే కమాలుద్దీన్ చలికి కప్పుకునే దుప్పట్లు తీసి ముందు పడేశాడు. చలికి కాదు భాయ్, సన్మానానికి అన్నాడు రత్నాకర్. సన్మానమంటే ఏమిటో ఆ బంగ్లాదేశ్ మనిషికి హిందీలో విడమరిచి చెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. మంచి పని చేసినవాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి భుజాల మీద బట్ట కప్పుతాం, అందరం చప్పట్లు కొడతాం అని చెప్పాడు. "ఉక్కపోయదా?" అని అడిగాడు కమాలుద్దీన్. పోస్తుంది, అయినా ఫొటో అయ్యేదాకా తీయకూడదని చెప్పాడు రత్నాకర్. చివరికి ఇద్దరూ కలిసి వెతికి, జరీ అంచున్న మెరూన్ రంగు శాలువాలు మూడు తీశారు. అవి ఆడవాళ్ళవి. లేబరు క్యాంపులో ఆ తేడా పట్టించుకునేవాళ్ళు ఎవరూ లేరు.

రత్నాకర్‌ది జగిత్యాల దగ్గర పల్లె. ఖతర్ వచ్చి తొమ్మిదేళ్ళయింది. ఖతర్ అని ఎన్నిసార్లు చెప్పినా అతని తల్లి ఎల్లవ్వకు అది దుబాయే, కొడుకు దుబాయ్‌లో ఉన్నాడనే ఊరంతా చెబుతుంది. సైటులో అతను షట్టరింగు మేస్త్రీ, కాంక్రీటు పోతకు చెక్కలు బిగిస్తాడు. క్యాంపులో ఇరవై ఇద్దరు తెలుగువాళ్ళు కలిసి వండుకునే మెస్సుకు పెద్ద. ఆ పెద్దరికం అతనికి ఎవరూ కట్టబెట్టలేదు. ఎవరో ఒకరు అరవాలి కదా, అరవడం అతనికి బాగా వచ్చు. అంతే.

సన్మానం ఎందుకంటే, పది రోజుల కింద మెస్సు వంటగదికి నిప్పంటుకుంది. ఆ వంటగదిలో పొయ్యిల మీద నుంచి రేకు పొగగొట్టం ఒకటి నిటారుగా పైకప్పులోకి పోతుంది. దానికి జానెడు దూరంలో అటక. అటక మీద అట్టపెట్టెలు.

అట్టపెట్టెల సంగతి కొంచెం చెప్పాలి. గల్ఫ్‌లో ఉన్న మనవాడికి ఇంటి ప్రయాణం టికెట్టుతో మొదలవదు, అట్టపెట్టెతో మొదలవుతుంది. సూపర్ మార్కెట్టు వెనక గట్టి పెట్టె ఒకటి కంటబడితే చాలు, ఊరు పోవడానికి ఇంకా ఏడాది ఉన్నా సరే, తెచ్చి పేరు రాసి పెట్టుకుంటాడు. ఆ తర్వాత నెలకో వస్తువు అందులోకి చేరుతుంది. అమ్మకు మెత్తటి దుప్పటి, తమ్ముడికి టార్చిలైటు, భార్యకు సెంటుసీసా, పిల్లలకు పాలపొడి డబ్బా. మనసు బాగాలేని రోజున ఆ పెట్టె దించుతాడు, విప్పుతాడు, అన్నీ తీసి చూసుకుని మళ్ళీ సర్దుతాడు, మళ్ళీ తాడు బిగిస్తాడు. ఆరుగురు పడుకునే గదిలో దానికి జాగా ఉండదు. బయట పెడితే క్యాంప్ బాస్ చెత్త అనుకుని పారేయిస్తాడు. అందుకని వంటగది అటక. దాని మీద పద్నాలుగు పెట్టెలు, అంటే పద్నాలుగు ఇళ్ళు.

వాటిని అక్కడి నుంచి తీసేయమని మొదట అన్నవాడు హనుమప్ప.

హనుమప్పది మడకశిర వైపు. మొదట ఒక ఇంట్లో డ్రైవరుగా చేసి, తర్వాత కంపెనీ బస్సుకు మారాడు. యాభై దాటిన మనిషి. అతని కళ్ళకు ఈ ప్రపంచంలో ప్రతిదీ ప్రమాదమే. బస్సు తీసే ముందు చుట్టూ రెండుసార్లు తిరిగి నాలుగు టైర్లనూ తన్ని చూస్తాడు. కత్తి మొన అటు తిప్పి పెట్టమంటాడు, తడి చెప్పులతో స్విచ్చి ముట్టొద్దంటాడు, చేప తింటున్నవాడితో మాట్లాడొద్దంటాడు. మెస్సులో కుర్రకారు అతన్ని సేఫ్టీ సాబ్ అని పిలిచేవాళ్ళు. ఆయన ఏమీ అనుకునేవాడు కాదు. చెప్పడం తన పని, వినడం వాళ్ళ పని అన్నట్టు ఉండేవాడు.

ఈయనా రత్నాకరూ ఆరేళ్ళు ఒకే గదిలో ఉన్నారు. రత్నాకర్‌కు మూత్రపిండంలో రాయి పడి గిలగిల కొట్టుకున్న రోజున హనుమప్ప డ్యూటీ వదులుకుని ఆసుపత్రికి తీసుకుపోయాడు, రెండు రోజులు పక్కనే కూర్చున్నాడు. ఆ రెండు రోజులూ సెలైను సీసా ఎక్కడ ఊడిపోతుందోనని దాన్నే చూస్తూ కూర్చున్నాడు. తోడబుట్టినవాడు కూడా అంత చేయడు. ఆ మాట రత్నాకర్ పదిమందిలో తనే చెప్పేవాడు.

పొగగొట్టం గురించి హనుమప్ప మొదటిసారి మామూలుగానే చెప్పాడు.

"రత్నాకరా, ఆ గొట్టం లోపలంతా నూనె జిడ్డు పట్టి ఉండాది. నిటారుగా పోతాంది చూడు, మంట లోపలికి గుంజితే పైదాకా ఒకటే పోవడం. ఒక వంపు పెట్టి గోడలోంచి బయటికి తీయించప్పా. అందాకా ఆ పెట్టెలన్నా దించండి."

"చేపిద్దాం తియ్యన్నా," అన్నాడు రత్నాకర్. చేయించలేదు. రెండోసారి అదే మాట అంటే తల ఊపి ఊరుకున్నాడు. మూడోసారి హనుమప్ప మాటలతో పెట్టుకోలేదు. అందరూ అన్నం దగ్గరున్నప్పుడు స్టూలు వేసుకుని ఎక్కి, తనే పెట్టెలు దించడం మొదలుపెట్టాడు. రెండో పెట్టె రత్నాకర్‌ది. దించేటప్పుడు చేయి జారి కింద పడి, లోపల ఏదో గాజుది పగిలిన చప్పుడైంది.

రత్నాకర్‌కు ఒళ్ళు మండిపోయింది. "పెట్టెల జోలికొస్తే మంచిగుండది హనుమన్నా! గవి నీకు అట్టపెట్టెలు, మాకు ఇండ్లు. నీకు గంత భయమైతే ఇంకో మెస్సు జూస్కో, పో!"

అన్నం తింటున్నవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. దాంతో అందరూ నవ్వారు. హనుమప్ప స్టూలు దిగాడు. తన పళ్ళెం కడిగి బోర్లించాడు. మర్నాటికల్లా డ్రైవర్ల గదికి మారిపోయాడు, ఆయన మంచం ఇంకొకడికి ఇచ్చేశారు. అప్పటినుంచి క్యాంటీనులో కుబ్బూస్ రొట్టెలు కొనుక్కుని ఒక్కడే తింటున్నాడని తెలిసింది. ఎదురుపడితే నమస్తే అంటాడు, అంతకు మించి మాట లేదు. తనే ముందు పలకరిస్తే ఎక్కడ చులకనైపోతానోనని రత్నాకర్ బిగుసుకుని ఉండిపోయాడు. పగిలినది అమ్మ కోసం కొన్న సీసా, దానికి ఆ మాత్రం కోపం రాదా అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు.

మూడు వారాలు గడిచాయి. మంగళవారం సాయంత్రం కోడి వేపుడుకు నూనె కాగుతూ కాగుతూ భగ్గుమంది. మంట గొట్టంలోకి గుంజింది, లోపలి జిడ్డు అంటుకుంది, రేకు ఎర్రగా కాలి అటక మీది పెట్టెలు రాజుకున్నాయి. నగేష్ గ్యాస్ సిలిండరును ఒక్కడే బయటికి ఈడ్చేశాడు, అరచేతులు రెండూ బొబ్బలెక్కాయి. జలంధర్ మండుతున్న పెట్టెలను కర్రతో కిందికి లాగాడు, కనుబొమలు మాడి ఊడిపోయాయి. షఫీ తడి దుప్పట్లు కప్పి, మంటలార్పే సిలిండరు పట్టుకుని చివరిదాకా నిలబడ్డాడు, ముందు జుట్టంతా కాలిపోయింది. ముగ్గురూ దిట్టంగా నిలబడబట్టి ప్రాణనష్టం లేదు. పెట్టెలు పద్నాలుగూ బూడిదయ్యాయి. ఆ రోజు చాలామంది మగవాళ్ళు పాలపొడి డబ్బాల కోసం, దుప్పట్ల కోసం ఏడ్చారు.

నాలుగోరోజుకల్లా కంపెనీవాళ్ళు గోడలకు రంగు కొట్టించి, పాత బొక్కలోంచే కొత్త గొట్టం నిలబెట్టారు. అయిదోరోజున రత్నాకర్ సూపర్ మార్కెట్టు వెనక్కి పోయి కొత్త పెట్టె ఒకటి తెచ్చుకున్నాడు. ఆ ముగ్గురికీ శుక్రవారం దావత్ చేయాలని, శాలువాలు కప్పాలని తీర్మానించిందీ అతనే.

గురువారం సైటులో షెన్‌ను దావత్‌కు పిలిచాడు. సైటు ముషైరిబ్ వైపు. షెన్ సర్వే పని చేసే చైనా అతను, అయిదేళ్ళుగా రత్నాకర్ బిగించిన షట్టరింగుకు లెవెలు చూసేది అతనే. ఇద్దరూ మాట్లాడుకునే హిందీ హిందీవాళ్ళకు అర్థం కాదు గాని, వాళ్ళిద్దరికీ పొల్లు పోకుండా అర్థమవుతుంది.

"ముగ్గురికేనా?" అని అడిగాడు షెన్.

"అవు మరి. ఆర్పింది ముగ్గురే గద."

"మరి ఆ డ్రైవరు? స్టూలెక్కి పెట్టెలు దించాడని నెలకింద నా దగ్గరే తిట్టావు. నిప్పు అంటుకుంటుందని చెప్పింది ఆయనే కదా?"

హనుమప్పను పిలవాలన్న ఊహే రత్నాకర్‌కు తట్టలేదు. తట్టకపోవడం కంటే, తట్టకుండా జాగ్రత్తపడ్డాడంటే సరిగ్గా ఉంటుంది. "ఆయన ఆర్పలే షెన్ భాయ్. బస్సు మీద డ్యూటీల ఉండె," అన్నాడు.

షెన్ చెవి మీది పెన్సిలు తీసి, పక్కనున్న ప్లైవుడ్ చెక్క మీద నాలుగు అక్షరాలు రాశాడు. ఒక్కోదాని మీద పెన్సిలు ఆనించి చదివాడు. "ఛ్యూ, తూ, షీ, షిన్. వంచు, పొగగొట్టం. జరుపు, కట్టెలు. మా దగ్గర ఇట్లా నాలుగు మాటల్లో పెద్ద కథను చుట్టిపెడతారు. బడిలో మాస్టరు బెత్తం పట్టుకుని నేర్పించేవాడు. ఇది రెండు వేల ఏళ్ళ నాటిది."

మధ్యాహ్నం విరామం ఇంకా అరగంట ఉంది. ఇద్దరూ చెక్కల నీడలో కూర్చున్నారు. షెన్ చెప్పాడు.

ఒక ఊళ్ళో ఒకతని ఇంటికి చుట్టం వచ్చాడు. పొయ్యి మీద పొగగొట్టం నిటారుగా ఉంది, దాని పక్కనే కట్టెల మోపు ఉంది. చుట్టం చూసి, "అయ్యా, గొట్టానికి ఒక వంపు పెట్టించు, కట్టెలు దూరంగా జరిపించు, లేకపోతే ఇల్లు తగలబడుతుంది," అన్నాడు. ఇంటాయన విననట్టు ఊరుకున్నాడు. కొన్నాళ్ళకు ఇల్లు అంటుకుంది. ఇరుగుపొరుగువాళ్ళు పరుగెత్తుకొచ్చి ఆర్పారు. ఇంటాయన ఎద్దును కోయించి, సారా తెప్పించి, అందరికీ విందు పెట్టాడు. తల మాడినవాళ్ళను, నుదురు కాలినవాళ్ళను పై వరసలో కూర్చోబెట్టాడు. మిగిలినవాళ్ళను పనిని బట్టి తర్వాతి వరసల్లో కూర్చోబెట్టాడు. గొట్టం వంచమన్న చుట్టాన్ని మాత్రం పిలవలేదు.

అది విని రత్నాకర్ ఒళ్ళో ఉన్న అన్నం డబ్బా మూత పెట్టేశాడు.

"అప్పుడు ఒకతను అడిగాడు," అన్నాడు షెన్. "ఆ చుట్టం మాట విని ఉంటే ఈ ఎద్దూ ఈ సారా ఖర్చు లేదు, నిప్పూ లేదు. గొట్టం వంచమన్నవాడికి ఏమీ లేదు, తల మాడినవాడు పెద్దపీట మీద. ఇదేం లెక్క? అని. ఇంటాయనకు అప్పుడు తెలివొచ్చి చుట్టాన్ని పిలిపించాడు."

"నిజంగ జరిగిందా గిది?"

"ఇంటి సంగతి తెలియదు. కథ పుట్టడం మాత్రం నిజమే, మా చరిత్ర గ్రంథంలో ఉంది. మా ఊరికి దగ్గర్లోనే అప్పటి రాజధాని. అక్కడ హువో అని ఒక పెద్ద కుటుంబం, రాజును మించి పెరిగిపోయింది. షూ ఫు అనే మామూలు మనిషి రాజుకు మూడుసార్లు రాశాడు, వాళ్ళను ఇప్పుడే అదుపులో పెట్టండి, లేకపోతే వాళ్ళకూ చేటు, మీకూ చేటు అని. రాజు పట్టించుకోలేదు. చివరికి వాళ్ళు తిరుగుబాటుకు సిద్ధపడ్డారు, కుటుంబం మొత్తం నాశనమైంది. కుట్ర బయటపెట్టినవాళ్ళకు పదవులు, బిరుదులు. షూ ఫుకు ఏమీ లేదు. అతని తరఫున ఇంకొకడు ఈ పొగగొట్టం కథ రాసి రాజుకు పంపాడు. రాజు చదివి, షూ ఫుకు పది తానుల పట్టు ఇచ్చాడు, తర్వాత కొలువులోకి తీసుకున్నాడు."

"మా హనుమన్న జెప్పే తీరు బాగుండది షెన్ భాయ్," అన్నాడు రత్నాకర్. అతని గొంతు అతనికే నచ్చలేదు. "రోజుకు పదిసార్లు జెప్తడు. ప్రతిదానికి జెప్తడు. యాష్టకొస్తది."

"షూ ఫు కూడా మూడుసార్లు రాశాడు కదా. రాజుకూ యాష్టకొచ్చే ఉంటుంది," అన్నాడు షెన్, అన్నం కలుపుకుంటూ.

ఆ సాయంత్రం బస్సులో ఇంకో కబురు చెవిన పడింది. శనివారం నుంచి హనుమప్పకు అల్ ఖోర్‌లో డ్యూటీ. కంపెనీ వేసింది కాదు, ఆయనే అడిగి వేయించుకున్నాడట. అల్ ఖోర్ ఏమీ దేశం చివర లేదు, బస్సెక్కితే గంట. కానీ మనిషి మనసు విరిగి వెళ్ళిపోతే గంట దూరమూ ఒకటే, సముద్రం దాటినా ఒకటే. రేపు ఒక్కరోజే ఉంది. రేపు సరిచేసుకోకపోతే ఇంకెప్పటికీ చేసుకోలేడని రత్నాకర్‌కు తెలుసు. ఆరేళ్ళ స్నేహితుణ్ణి ఇరవై మందిలో నవ్వులపాలు చేసి పంపించానన్న మాట వదలకుండా వెంటాడుతుంటే, బట్టలైనా మార్చుకోకుండా అల్ మన్సూరాకు పరుగెత్తాడు. మెరూన్ రంగువి అయిపోయాయి. ఆకుపచ్చది ఒకటి ఉంది.

"ఇంకెవరు మంచి పని చేశారు?" అని అడిగాడు కమాలుద్దీన్.

"ఈయన అందరికంటె ముందే జేసిండు," అన్నాడు రత్నాకర్.

శుక్రవారం నమాజు ముగించుకుని షఫీ వచ్చేసరికి ఒకటిన్నర. వంటగది ముందు గుడారం గుడ్డ కట్టి, నాలుగు కుర్చీలు వేశారు. మాంసం కూర ఘుమఘుమలాడుతోంది. కట్లు కట్టిన చేతులతో నగేష్, కనుబొమల్లేని ముఖంతో జలంధర్ కొత్త పెళ్ళికొడుకుల్లా తయారయ్యారు. నాలుగో కుర్చీ ఎవరికని అందరూ అడుగుతుంటే రత్నాకర్ జవాబు చెప్పకుండా, షెన్‌ను తీసుకుని డ్రైవర్ల గదికి నడిచాడు.

హనుమప్ప మంచం మీద కూర్చుని చొక్కాలు మడతపెడుతున్నాడు. వీళ్ళను చూసి లేచి నిలబడ్డాడు.

"హనుమన్నా," అన్నాడు రత్నాకర్. దారి పొడుగునా అనుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. "నాది తప్పయిందే. నువ్వు జెప్తే ఇనలే. నవ్వులాట జేసినం. నిప్పు ఆర్పినోళ్ళకు దావత్ అని పెట్టి నిన్ను యాది మర్సినం. యాది మర్సుడు గాదు, నాకే మొఖం జెల్లలే. రా అన్నా, నీకు కుర్చీ ఏసినం."

రత్నాకర్ తొందరగా హిందీలో ఆ కథంతా చెప్పాడు. పొగగొట్టం, కట్టెలు, తల మాడినవాళ్ళు, పది తానుల పట్టు. మధ్యలో తప్పిపోయినచోట షెన్ అందించాడు. హనుమప్ప చేతిలో చొక్కా పట్టుకునే విన్నాడు. కథ అయిపోయాక షెన్ వైపు తిరిగి హిందీలో అడిగాడు.

"సాబ్, అదంతా బాగుండాది. ఆ ఇంటాయన చుట్టాన్ని పిలిచి అన్నం పెట్టినాడు, సరే. చివరికి ఆ పొగగొట్టం వంచినాడా లేదా?"

"అది పుస్తకంలో లేదు," అన్నాడు షెన్. "చిన్నప్పటి నుంచి ఈ కథ నాకు తెలుసు. ఈ మాట ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు."

"నాకు కావాల్సింది అదొక్కటేనప్పా," అన్నాడు హనుమప్ప, రత్నాకర్ వైపు తిరిగి. గొంతులో కోపం లేదు, అదే ఎక్కువ బాధపెట్టింది. "పొద్దున నీళ్ళు పట్టుకునేకి మీ వంటగదికి వచ్చినా. కొత్త గొట్టం మళ్ళీ నిటారుగానే పెట్టినారు. అటక మీద మళ్ళీ పెట్టెలు పెట్టినారు. లెక్కపెట్టినా, పదకొండు ఉండాయి. నువ్వు నాకు పట్టుశాలువా కప్పితే నాకేమొస్తాది? నేను అల్ ఖోర్‌లో పడుకొని కూడా ఇక్కడ ఎవురు కాలిపోతారో అని భయపడతా ఉండాల. నా మాట బాగలేదని మీకు కోపం. బాగా చెప్పేది నాకు రాదు రత్నాకరా. భయమైతాది, అందుకే చెప్తా."

ఆ పదకొండు పెట్టెల్లో మొట్టమొదట అటక ఎక్కింది తనదేనని రత్నాకర్‌కు తెలుసు. పేరు కూడా పెద్ద అక్షరాలతో రాసి, అందరికీ కనబడేట్టు ముందు వరసలో పెట్టాడు. మెస్సు పెద్దే తన పెట్టె ఎక్కించాక మిగిలినవాళ్ళు ఎందుకు ఆగుతారు? ముఖం మీద చన్నీళ్ళు కొట్టినట్టయింది. వెనక్కి తిరిగి నడిచాడు. షెన్ అతని వెంట వచ్చాడు.

గుడారం కింద పళ్ళాలు పట్టుకుని అందరూ సిద్ధంగా ఉన్నారు. రత్నాకర్ ఎవరివైపూ చూడకుండా వంటగదిలోకి పోయి, స్టూలు వేసుకుని, తన పెట్టెను భుజానికెత్తుకుని బయటికి వచ్చాడు.

"ఎవని పెట్టె వాడు దించుర్రి," అన్నాడు. "దించినంకనే బువ్వ."

"అన్నా, కూర సల్లారుతది. తిన్నంక జూద్దాం తియ్," అన్నాడు జలంధర్.

"నువ్వు మాడిన మొఖంతోని గా మాటంటున్నవా జలంధరూ? తిన్నంక జూద్దామనే గద, రేపు జూద్దామనే గద ఇంత దాంక తెచ్చుకున్నం! హనుమన్న మూడుసార్లు జెప్పిండు. ఇననోణ్ణి నేను. నవ్వినోళ్ళు మీరు. నీ కనుబొమలు కాల్చింది నిప్పు గాదు, నేను."

నగేష్ తన కట్ల చేతుల వంక చూసుకున్నాడు. షఫీ పళ్ళెం కింద పెట్టి లోపలికి నడిచాడు. అతని వెనక ఒకరొకరుగా మిగిలినవాళ్ళూ వెళ్ళారు. పది నిమిషాల్లో అటక ఖాళీ అయింది. పదకొండుమంది మగవాళ్ళు పదకొండు పెట్టెలు చంకలో పెట్టుకుని ఎండలో నిలబడ్డారు. ఇక ఎక్కడ పెట్టాలో ఎవరికీ తెలియదు, రత్నాకర్‌కు అసలే తెలియదు. గదుల్లో జాగా ఉంటే ఈ గొడవే లేదు కదా. అతను పెట్టె మోస్తూ అటు రెండడుగులు, ఇటు రెండడుగులు వేశాడు.

"ఆడ బయట పెడితే సాయంత్రానికి చెత్తబండి ఎత్తకపోతాది."

హనుమప్ప గొంతు. ఆయన ఎప్పుడు వచ్చాడో ఎవరూ చూడలేదు. వంటగది గుమ్మం దగ్గర నిలబడి ఖాళీ అటకను, గొట్టాన్ని పరీక్షగా చూస్తున్నాడు. తృప్తిగా చూసుకున్నాక ఇటు వచ్చాడు.

"నా మంచం రేపటినుంచి ఖాళీనే. కొత్త డ్రైవరు వచ్చేకి నెల పడతాది. దాని మీద పెట్టుకోండి. ఆ లోపల కంపెనీవాళ్ళ వెంటపడి గొట్టం వంచించాల."

"ఆదివారమే ఆఫీసుకు పోతనన్నా. ఒట్టు."

"నాకు ఒట్టు వద్దు. వంచినాక ఫొటో తీసి పంపు."

"నాకు కూడా పంపు," అన్నాడు షెన్, ఫొటో అన్న మాట అందుకుని. "మా మాస్టరుకు చూపిస్తా."

అందరూ నవ్వారు. ఈసారి హనుమప్ప కూడా నవ్వాడు. పెట్టెలన్నీ వరసగా డ్రైవర్ల గదికి చేరాయి. బరువువి అడుగున, గాజు సామానున్నవి పైన, ఒక్కోదాన్నీ హనుమప్పే అందుకుని పేర్చాడు. పదకొండూ పెట్టేసరికి మంచం మీద దిండుకు కూడా చోటు మిగలలేదు. మిగిలినవాళ్ళు కూర చల్లారిపోతోందని పరుగెత్తారు. రత్నాకర్ ఒక్కడే ఉండిపోయాడు. ఆకుపచ్చ శాలువా ఇంకా అతని సంచిలోనే ఉంది. దాన్ని తీయడానికి చేయి రాలేదు. ఈ మనిషి రేపు ఉండడు. ఎవరు కోపగించుకున్నా, ఎవరు నవ్వినా చెప్పేది చెప్పే మనిషి మెస్సులో ఇంకొకడు లేడు.

"హనుమన్నా, గీ రాత్రికి నువ్వు యాడ పండుకుంటవే?"

"నీ మంచం లేదా?" అన్నాడు హనుమప్ప, తాళ్ళ ముడులు లాగి చూస్తూ. "పైన పడుకునేవాడికి రాత్రి డ్యూటీనే కదా, నువ్వు పైన ఎక్కు. కిందిది నాకియ్యి, మోకాలు పట్టుకునింది. పొద్దున నాలుగుకే లేస్తా మళ్ళా, నీ నిద్ర చెడతాది."

రత్నాకర్‌కు కళ్ళు నిండిపోయాయి. తుడుచుకోలేదు కూడా.

"చెడనియ్ అన్నా," అన్నాడు.